వయోపరిమితి ఉన్న వీడియో గేమ్‌ను మైనర్‌కు అమ్మితే శిక్ష ఎవరికి పడాలి?

న్యాయశాస్త్ర విద్యార్థిని:

పద్దెనిమిదేళ్లు నిండినవారికే అని పెట్టె మీద అచ్చువేసి ఉన్న గేమ్‌ను పద్నాలుగేళ్ల పిల్లవాడికి అమ్మడం కొన్ని దేశాల్లో నేరం. మరికొన్ని దేశాల్లో అది వ్యాపారులు తమకు తాము పెట్టుకున్న కట్టుబాటును మీరడం మాత్రమే. బ్రిటన్‌లో 2012 జూలై 30 నుంచి ఐరోపాలో గేమ్‌లకు వయోపరిమితి నిర్ణయించే పెగి వారి 12, 16, 18 గుర్తులకు చట్టబలం వచ్చింది కనుక, ఆ వయసు రానివారికి డిస్కు అమ్మినవారికి జైలు శిక్ష గానీ జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, హింసాత్మకమైన గేమ్‌లను మైనర్లకు అమ్మినా అద్దెకిచ్చినా ఒక్కో ఉల్లంఘనకు 1,000 డాలర్ల వరకు కట్టాలని 2005లో చట్టం చేసింది. అది అమలులోకి రాకముందే కోర్టుకెక్కి, చివరకు 2011 జూన్ 27న, భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమన్న కారణంతో సుప్రీంకోర్టులో 7–2 మెజారిటీతో వీగిపోయింది.

ఆ తీర్పు నాకు ఇప్పటికీ మింగుడుపడడం లేదు. నగ్నచిత్రాలున్న పత్రికను మైనర్‌కు అమ్మినవారిని శిక్షించవచ్చని అదే కోర్టు 1968లో గిన్స్‌బర్గ్ కేసులో ఒప్పుకుంది. అలాంటప్పుడు, ఒక స్త్రీని కట్టేసి హింసించి చంపడాన్ని ఆటగా ఆడించే గేమ్‌ను అదే పిల్లవాడికి అమ్మే హక్కును ఎలా కాపాడతారని, తీర్పుతో విభేదించిన జస్టిస్ బ్రేయర్ అడిగారు. శిక్ష ఉండి తీరాలన్నదే నా వాదం.

గేమ్ రూపకర్త:

బ్రేయర్ ప్రశ్నకు మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా జవాబు చెప్పారు. భావప్రకటన స్వేచ్ఛ నుంచి అశ్లీలానికి ఉన్న మినహాయింపును హింసకు కూడా వర్తింపజేయడానికి ఆ దేశ న్యాయసంప్రదాయంలో ఆధారం లేదనీ, మంత్రగత్తెను పొయ్యిలోకి తోసి చంపే పిల్లల కథలను మనమే పిల్లలకు చదివి వినిపిస్తున్నామనీ ఆయన గుర్తుచేశారు.

అయినా సిద్ధాంతం కన్నా ఫలితం చూడండి. అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మైనర్లనే కొనుగోలుదారులుగా దుకాణాలకు పంపి పరీక్షించినప్పుడు, పదిహేడేళ్లు నిండినవారికి ఉద్దేశించిన గేమ్‌లను 2000లో 85 శాతం మంది కొనగలిగారు. 2011లో వెలువడిన ఫలితాల్లో అది 13 శాతానికి పడిపోయింది. పెద్దలకు ఉద్దేశించిన సినిమాల డీవీడీలు మాత్రం ఆ పరీక్షలోనే 38 శాతం మందికి దొరికాయి. ఈ మార్పు జైలు భయంతో వచ్చింది కాదు. 1994లో పరిశ్రమ ఏర్పాటు చేసుకున్న రేటింగులను దుకాణాలు పట్టుదలగా పాటించడం వల్ల వచ్చింది. కర్ర ఎత్తకుండానే జరిగిన పనికి కర్ర ఎందుకు?

గేమ్‌ల దుకాణం ఉద్యోగి:

కౌంటర్ దగ్గర కొన్నేళ్లు నిలబడినవాణ్ణి కాబట్టి అక్కడ ఏం జరుగుతుందో చెబుతాను. బార్‌కోడ్ చదవగానే కంప్యూటర్ ఆగి, కొనేవారి పుట్టినతేదీ అడుగుతుంది. అక్కడ ఏదో ఒక తేదీ కొడితే బిల్లు ముందుకు సాగుతుంది. వెనక వరస పెరుగుతూ ఉంటుంది, ఎదురుగా ఉన్న కుర్రాడికి మీసం మొలిచి ఉంటుంది, గుర్తింపు కార్డు అడిగితే ఇంట్లో మరిచిపోయానంటాడు. కాదని పంపేస్తే ఆ రోజు అమ్మకాలు తగ్గాయని యజమాని నిలదీస్తాడు. ఇచ్చి పంపితే చట్టం పట్టుకుంటుంది. ఆ గేమ్ అమ్ముడుపోతే నా జీతం పైసా పెరగదు, శిక్ష మాత్రం నాకు!

ఈ విషయంలో కొట్టివేతకు గురైన కాలిఫోర్నియా చట్టమే మెరుగు. వ్యాపారంలో వాటా లేని సేల్స్ ఉద్యోగికి జరిమానా వర్తించదని అందులో స్పష్టంగా రాశారు. బ్రిటన్ చట్టంలోనూ తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని రుజువు చేసుకుంటే తప్పించుకునే వీలుంది. అయితే ఆ జాగ్రత్తలను రికార్డు చేసే యంత్రాంగం యజమాని చేతిలో ఉంటుందే గాని, గుమాస్తా చేతిలో ఉండదు.

న్యాయశాస్త్ర విద్యార్థిని:

మీ మాటతో ఏకీభవిస్తున్నాను. శిక్ష ఉండాలన్నప్పుడు ఎవరికన్నది నేను విడమరచి చెప్పవలసింది. లాభం ఎవరిదో బాధ్యత వారిదే కావాలి. రూపకర్త గారు చూపిన 13 శాతం గురించి కూడా ఒక మాట. ఆ లెక్క దుకాణంలో చేతికి ఇచ్చే డిస్కులది. ఇప్పుడు అమ్మకాలు డౌన్‌లోడ్‌ల వైపు మళ్లాయి. బ్రిటన్ వీడియో రికార్డింగుల చట్టం డిస్కుల వంటి భౌతిక రూపాలకే వర్తిస్తుంది కనుక, ఒకే గేమ్‌ను కౌంటర్‌లో అమ్మినవాడు నేరస్థుడవుతుండగా, పుట్టిన సంవత్సరం ఎంచుకోమని ఒక పెట్టె చూపించి అమ్మిన ఆన్‌లైన్ వేదికను ఆ చట్టం తాకదు. జర్మనీ ఈ లోపాన్ని గుర్తించి 2021లో తన యువజన రక్షణ చట్టాన్ని సవరించింది. ముందుజాగ్రత్త చర్యలు చేపట్టాలన్న ఆదేశాన్ని పెడచెవిన పెట్టే పెద్ద వేదికలకు భారీ జరిమానా వేసే వీలును ఆ సవరణ కల్పించింది. నేను కోరే శిక్ష ఆ తీరుది.

గేమ్ రూపకర్త:

ఆ సవరణలో సబబు ఉందని ఒప్పుకుంటాను. కాని జరిమానా భయంతో వేదికలు ముందుగా చేసే పని ప్రతి వినియోగదారుడి గుర్తింపు పత్రాన్ని అడిగి దాచుకోవడం. పిల్లల రక్షణ పేరుతో పెద్దల వివరాలన్నీ ఒకచోట కుప్పపడితే, అవి బయటికి పొక్కిన రోజున ఎవరిని శిక్షిస్తారు?

న్యాయశాస్త్ర విద్యార్థిని:

వివరాలు దాచుకోవడాన్ని అదే చట్టంలో నిషేధించాలి. వయసు నిండిందా లేదా అన్న ఒక్క జవాబు మాత్రమే వేదికకు చేరాలి, పత్రం చేరకూడదు. దాన్ని మీరితే మైనర్‌కు అమ్మినంత తప్పుగానే లెక్కించాలి.

గేమ్‌ల దుకాణం ఉద్యోగి:

ఇంకొకటి కూడా చట్టంలో రాయండి. తండ్రే వచ్చి, ఇది మా అబ్బాయి కోసమని చెప్పి కొనుక్కుపోతే, పెట్టె మీది గుర్తును చూపించి, లోపల ఏముందో రెండు మాటల్లో చెప్పడం వరకే అమ్మేవాడి బాధ్యత. అంతా విని కూడా ఆయన కొంటే ఆ నిర్ణయం ఆయనది. దానికి ఎవరి మీదా కేసు ఉండకూడదు.