మూడో లెవెల్ విజార్డ్‌ని బతికించుకోవడం ఎలా?

విజయనగరం గంటస్తంభం దగ్గర ఫ్రెండ్ వాళ్ల మేడ మీద, ఆదివారాలు నలుగురం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ తలో పాత్రగా కథ నడిపే ఆట) ఐదో ఎడిషన్ ఆడుతున్నాం. నాది మూడో లెవెల్ విజార్డ్, అంటే మంత్రగాడు; హిట్ పాయింట్లు (ఒంట్లో ప్రాణం) 17. మా యోధుడు, ఫైటర్, ముందు నిలబడ్డా గోబ్లిన్లు (పొట్టి రాక్షసులు) పక్కనుంచి జారుకుని నా మీదకే వస్తాయి. 2014 రూల్స్‌లో వాటికి బోనస్ యాక్షన్‌తోనే (తమ వంతులో అదనంగా దొరికే చిన్న పని) డిసెంగేజ్, అంటే దెబ్బ పడకుండా తప్పుకోవడం, ఉంది కదా, ఇక ఫైటర్‌కి ఆపర్చునిటీ అటాక్ (దాటిపోయేవాళ్లని కొట్టే ఛాన్స్) ఎక్కడిది!

మొన్న వెబ్ (శత్రువుల్ని సాలెగూడులో ఇరికించే మంత్రం) వేసి మురిసిపోయేలోపే బాణం తగిలింది. దెబ్బ తిన్నాక కాన్సెంట్రేషన్ (మంత్రాన్ని నిలిపి ఉంచే ఏకాగ్రత) నిలవాలంటే 10 రావాలి. పాచిక దొర్లి దొర్లి మరమరాల గిన్నెకి కొట్టుకుని 3 దగ్గర ఆగింది.

రెండో లెవెల్ స్లాట్లు, అంటే ఆ స్థాయి మంత్రాలు వేసే అవకాశాలు, రెండే. మిస్టీ స్టెప్‌కి (మాయమై కాస్త దూరంలో తేలే మంత్రం) దాచుకోవాలా, వెబ్‌కే వాడాలా? దెబ్బని అడ్డుకునే షీల్డ్ మంత్రం మీరు ఎప్పుడు వేస్తారు? మావాళ్లు క్లెరిక్‌కి (దైవశక్తితో మంత్రాలు వేసే పూజారి పాత్ర) మారిపొమ్మంటున్నారు, నాకేమో మనసొప్పడం లేదు. ఆడినవాళ్లు కాస్త చెప్పండి.