కాంతికి ‘అనునాదం’ అనవచ్చా?

తార్నాక నుంచి: నానో కణాల వరసల మీద వ్యాసం తెలుగు చేయాలి. ‘సర్ఫేస్ లాటిస్ రెజొనెన్స్’ని ఏమనాలి? ఒకచోట ‘ప్రతిధ్వని’ అని ఉంది. ‘అనునాదం’ అందామంటే నాదం శబ్దానిది కదా, కాంతికి అతుకుతుందా?

కొండాపూర్ నుంచి: ప్రతిధ్వని మాత్రం వద్దండీ. గోల్కొండ ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. అది గోడలకు తగిలి చేరిన చప్పుడు, అంతే. రెజొనెన్స్‌కి ఊగేదొకటి ఉండాలి. ఉయ్యాలను దాని లయలోనే తోస్తే చిన్న తోపుకే ఎంతెత్తుకి పోతుందో చూడండి. బంగారు కణంలో అలా ఊగేవి ఎలక్ట్రాన్లు. ‘అను’ అంటే వెంబడి. అనుచరుడు, అనుసరణలో ఉన్నదే. ఇంటర్ ఫిజిక్స్‌లో ఏసీ వలయానికి ‘అనునాద పౌనఃపున్యం’ అంటాం, అక్కడ మాత్రం శబ్దం ఎక్కడుంది?

చిక్కడపల్లి నుంచి: లాటిస్‌కి, అంటే సమాన దూరాల్లో పేర్చిన కణాల అమరికకి, ‘జాలకం’ స్థిరపడిన మాటే. సవర్ణదీర్ఘ సంధి చేస్తే ‘జాలకానునాదం’ అవుతుంది గానీ నోరు తిరగదు, విడదీసే రాయండి. పీరియడ్‌ని, అంటే పక్కపక్క కణాల మధ్య దూరాన్ని, ‘ఆవర్తన దూరం’ అనండి. వట్టి ‘ఆవర్తనం’ అంటే చదివేవాళ్లు సెకన్లనుకుంటారు.

తార్నాక నుంచి: ఒంటి కణం అనునాదానికీ జాలకం అనునాదానికీ తేడా ఎంత?

కొండాపూర్ నుంచి: చుక్కల ముగ్గు తలచుకోండి. ఒంటి చుక్క అనునాదం తరంగదైర్ఘ్యాల్లో సుమారు 100 నానోమీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. చుక్కల దూరం కుదిరితే ఒక కణం వెదజల్లిన కాంతి పక్క కణాన్ని సరిగ్గా లయ తప్పకుండా చేరుతుంది. వెడల్పు కొన్ని నానోమీటర్లకు దిగుతుంది.

కాంతి నిట్టనిలువుగా పడితే అనునాదం ఏ తరంగదైర్ఘ్యం దగ్గర వస్తుందో లెక్క సులువు: వక్రీభవన గుణకాన్ని ఆవర్తన దూరంతో గుణించాలి. గాజు 1.52, దూరం 530 నానోమీటర్లయితే 806 నానోమీటర్లు. అసలు శిఖరం, అంటే అనునాదం అన్నిటికన్నా బలంగా ఉండే చోటు, దానికి కాస్త ఎరుపు వైపు (ఎక్కువ తరంగదైర్ఘ్యం వైపు) వస్తుంది. కాంతి విద్యుత్ క్షేత్రం జాలకంలో అడ్డంగా ఊగుతుంటే నిలువు దిశలోని కణాల దూరమే లెక్కకొస్తుంది, ఎందుకంటే కణం తాను ఊగే దిశలో కాంతిని పంపదు. దీర్ఘచతురస్రపు జాలకంలో ఇది తారుమారు చేసుకుంటే శిఖరం వేరేచోట తేలుతుంది.

ఎక్కువగా చెడేది పైపొర దగ్గర. కింద గాజు, పైన గాలి ఉంటే పైన 530, కింద 806. రెండు వైపులా లయ కలవక అనునాదం నీరసపడుతుంది. 1.52 గుణకం ఉన్న నూనె చుక్క వేసి కవర్ గ్లాస్ మూయాలి, బుడగ మిగలకూడదు. బంగారం గాజుకి అంటదని వేసే క్రోమియం పొర 1, 2 నానోమీటర్లు దాటితే ఊపును అదే మింగేస్తుంది. ఇంకొకటి: కాంతిని బాగా కుదించే కటకంతో కొలిస్తే ఒక్కో కోణానికి ఒక్కో తరంగదైర్ఘ్యం పలికి, సన్నని శిఖరం చెదిరిపోతుంది. సమాంతర కిరణాలే వాడాలి.

తార్నాక నుంచి: అయితే ‘తల జాలక అనునాదం’ అందునా?

చిక్కడపల్లి నుంచి: వట్టి ‘తల’ అంటే శిరస్సే గుర్తొస్తుంది. మొదటిసారి ‘ఉపరితల జాలక అనునాదం’, ఆ తర్వాత ‘జాలక అనునాదం’. ‘ఎస్‌ఎల్‌ఆర్’ అని కుదించకండి, కెమెరా అనుకుంటారు.