నాలుగేళ్ల పాప పిక్కలో గడ్డ, శనివారం తీసేస్తామంటున్నారు

పర్లాకిమిడి నాన్న:
మా పాపకి నాలుగేళ్లు. ఎడమ పిక్కలో గడ్డ. దసరాకి ఉసిరికాయంత ఉండేది, ఇప్పుడు నిమ్మకాయంత అయింది. నొక్కినా నొప్పి లేదంటుంది, పరుగులు పెడుతూనే ఉంది. ఇక్కడి డాక్టరు గారు కొవ్వు గడ్డే, అరగంట పని, శనివారం రమ్మన్నారు. మా అత్తగారు పసరు కట్టు అంటున్నారు. నాకెందుకో టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా అయిందా?

రాయగడ అమ్మ:
శనివారం వెళ్లకండి అన్నయ్యా. ముందు ఎమ్మారై తీయించండి. పిల్లల గడ్డలు చాలావరకు మామూలువే. కానీ లోతుగా, గట్టిగా ఉండి పెరుగుతున్నదాన్ని చూడకుండా కోయించకూడదు. నొప్పి లేదని ధైర్యపడొద్దు.

మా వాడికి మూడేళ్లప్పుడు తొడలో వచ్చింది. కొవ్వు గడ్డేనని ఒక నర్సింగ్‌హోమ్‌లో తీశారు. తీసిన ముక్క ఏమైందని మేం అడగలేదు. రెండు నెలలకి అక్కడే మళ్లీ ఉబ్బింది. అప్పుడు విశాఖ పరిగెత్తాం, అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా ఆసుపత్రికి. డాక్టరమ్మ మచ్చ మీద వేలు పెట్టి, "దీని బయాప్సీ రిపోర్టు ఏదమ్మా?" అంది. మా ఆయన నా మొహం చూశారు, నేను ఆయన మొహం చూశాను.

రాబ్డోమయోసార్కోమా అని తేలింది, అంటే కండ క్యాన్సర్. కండ కావాల్సిన కణాలు అలా మారతాయట. లావు సూదితో ముక్క తీసి, డెస్మిన్, మయోజెనిన్ అనే కండ ప్రోటీన్ల పరీక్షలు పెట్టాకే పేరు ఖాయం చేశారు. పైగా ఎక్కడికైనా పాకిందేమోనని ఊపిరితిత్తులకి సీటీ, ఎముక మజ్జ పరీక్ష. ముందు తొందరపడి కోయించడం వల్ల గడ్డ ఎంతమేర ఉండేదో తెలియలేదు, రెండోసారి ఇంకా ఎక్కువ కండ తీయాల్సి వచ్చింది.

విన్‌క్రిస్టిన్, యాక్టినోమైసిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందులు, పైన రేడియేషన్. దాదాపు ఏడాది. జుట్టు ఊడుతుందని ఊరంతా చెప్పారు, పాదం వాలిపోతుందని నాకెవరూ చెప్పలేదు. రాయగడ ప్లాట్‌ఫాం మీద పది అడుగులకోసారి వాడి చెప్పు జారిపోయేది. అల్లరనుకుని వీపు మీద ఒకటిచ్చాను కూడా. అది విన్‌క్రిస్టిన్ నరాలకి చేసే పని. చెప్పగానే డోసు తగ్గించారు, మెల్లగా సర్దుకుంది. మలబద్ధకమూ దానివల్లే, దాచకుండా చెప్పండి. వాడిప్పుడు ఒకటో తరగతి.

బరంపురం ల్యాబు:
బయాప్సీ చేస్తే ముక్క కుళ్లకుండా 10 శాతం ఫార్మలిన్‌లో వేశారో లేదో దగ్గరుండి చూసుకోండి. సెలైన్ సీసాలో వేసి బస్సులో పంపిన ముక్కలు మా బల్ల మీదికి వచ్చాయి, మూత తీస్తే కంపు. రిపోర్టుతోపాటు ముక్కని పొదిగిన మైనపు బ్లాకులూ అడిగి తీసుకోండి, పెద్దాసుపత్రిలో మళ్లీ చూస్తారు.

పర్లాకిమిడి నాన్న:
విశాఖ వెళ్తే మన ఒడిశా వాళ్లకి ఆరోగ్యశ్రీ రాదు కదా?

రాయగడ అమ్మ:
రాదు, అది ఆంధ్రా కార్డుకే, ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్యసేవ. 2025లో ఒడిశా కేంద్రం వాళ్ల ఆరోగ్య బీమా ఆయుష్మాన్‌లో చేరింది, ఆ కార్డు పక్క రాష్ట్రంలో ప్యానెల్ ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. చేర్పించక ముందే కౌంటర్లో అడగండి. ఒకవేళ క్యాన్సరే అని తేలితే రైలు కన్సెషన్ ఫారం మీద డాక్టరు సంతకం మర్చిపోవద్దు. పేషెంటుకి స్లీపర్ ఉచితం, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం తగ్గింపు.

పర్లాకిమిడి నాన్న:
శనివారం మానేశాం. సోమవారం శ్రీకాకుళంలో ఎమ్మారై. కదలకుండా మత్తిస్తారట, పొద్దున్నుంచి ఏమీ పెట్టొద్దన్నారు. అత్తగారి పసరు గిన్నె మాత్రం ఇంకా వంటింట్లోనే ఉంది.