ఫొటో కింద బ్యాగు పేరుంది, మనిషి పేరు లేదు

పోచంపల్లి_పిల్ల:
హైదరాబాద్‌లో ఫ్యాషన్ డిజైన్ చదువుతున్నాను. ఈ వారం క్లాసులో ఫ్యాషన్ పత్రిక వోగ్ ఇండియా 2008 ఆగస్టు సంచిక ఫొటోలు చూపించారు. పళ్లూడిన ముసలమ్మ చంకలో పిల్లాడు, వాడి మెడకు సుమారు 100 డాలర్ల ఫెండి బిబ్ (చొంగ గుడ్డ). ఒకాయన చేతిలో బర్బెర్రీ గొడుగు. బైకు మీద వెళ్తున్న కుటుంబం దగ్గర హెర్మెస్ బర్కిన్ బ్యాగు, దాని ధర 10,000 డాలర్ల పైమాటే. అప్పట్లో రోజుకు 1.25 డాలర్ల లోపే బతికేవాళ్లు మన దేశంలో 45 కోట్ల పైన ఉన్నారని ప్రపంచ బ్యాంకు లెక్క. వస్తువుల బ్రాండ్లన్నీ రాశారు, మనుషుల్ని మాత్రం ‘ఒక ఆడమనిషి’, ‘ఒక మగమనిషి’ అని వదిలేశారు.

నాకు మా నానమ్మ గుర్తొచ్చింది. రోజంతా ఆసు పోస్తుంది, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పుతుంది, ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. ఒకసారి ఓ పత్రిక వాళ్లు మోడల్‌ని మా ఇంటికి తెచ్చి, నానమ్మ పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. మోడల్ పేరు, డిజైనర్ పేరు వేశారు. నానమ్మ పేరు లేదు. మీకెవరికైనా ఇలాంటిది జరిగిందా?

క్లిక్_అన్న:
నేను కెమెరా వెనకాల మనిషిని. పల్లెల్లో క్యాటలాగ్ షూట్లు చాలా చేశాను. వెనక నిలబడ్డవాళ్ల చేతిలో తలా 200 పెట్టి వచ్చేసేవాళ్లం, సంతకం లేదు, పేరు లేదు. తప్పే. ఫ్యాషన్ డబ్బున్నవాళ్లది మాత్రమే కాదని అప్పట్లో వోగ్ ఇండియా సంపాదకురాలు సమర్థించుకున్నారు. ఆ మాట నిజమే అనుకున్నా, పేరు రాయకపోవడానికి అది జవాబు కాదమ్మా.

డాలస్_అమ్మ:
మా అమ్మాయిది చామనఛాయ. 2017 మేలో వోగ్ ఇండియా పదేళ్ల పండుగ సంచిక మీద అమెరికా మోడల్ కెండల్ జెన్నర్‌ని చూసి, “ఇండియా పత్రికకు ఇండియా అమ్మాయి దొరకలేదా?” అంది. పదేళ్లలో విదేశీ ముఖచిత్రాలు 12 మాత్రమే అని పత్రిక బదులిచ్చింది. లెక్క సరే, పుట్టినరోజు నాడైనా ఇంటి పిల్లను ముందు నిలబెట్టాలి కదా! 2009 అక్టోబరులో ఫ్రెంచ్ వోగ్ ఇంకా ఘోరం చేసింది. సూపర్ మోడళ్ల ప్రత్యేక సంచికట, అందులో తెల్లమ్మాయి లారా స్టోన్ ఒంటికి నల్లరంగు పూశారు. ఆ రంగుతో పుట్టినవాళ్లను పిలవడానికి ఏమైంది?

నూలు_దారం:
పిలిస్తే కొంటారు కూడా అక్కా. ఇటాలియన్ వోగ్ 2008 జులైలో నవోమీ కాంప్‌బెల్, లియా కెబెడె లాంటి నల్లజాతి మోడళ్లతోనే సంచిక నింపితే, అయిపోయి మళ్లీ అచ్చు వేయాల్సి వచ్చింది. మన ముసలమ్మ ఫొటోకు సరిగ్గా నెల ముందు. ఆ సంచిక ప్రకటనల్లో మాత్రం తెల్లవాళ్లే ఎక్కువ.

పోచంపల్లి_పిల్ల:
రాత్రి నానమ్మకు ఫోన్ చేసి అడిగాను. “పేరు సంగతి నాకు తెల్వదు బిడ్డా. ఫొటో ఒకటి పంపుతమన్నరు, ఇంకా పంపలే” అంది.

క్లిక్_అన్న:
ఆ పేజీ నాకు మెసేజ్ చెయ్యమ్మా. తీసినవాళ్లను పట్టుకుని ప్రింట్ తెప్పించే పూచీ నాది. నానమ్మ పేరు కూడా రాసి పంపు.