1920×1080లో చేసిన విన్‌ఫార్మ్స్ ఫారమ్ ల్యాప్‌టాప్‌లో పాడవుతోంది

ప్రశ్న:
డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8, విన్‌ఫార్మ్స్ (విండోస్ అప్లికేషన్ల తెరలు చేసే లైబ్రరీ). ఫారమ్‌లో లేబుళ్లు, టెక్స్ట్‌బాక్సులు, డేటా పట్టిక (గ్రిడ్), టూల్‌బార్, కింద బటన్లు ఉన్నాయి. ఫారమ్ సైజు 1200×800, డిజైన్ చేసింది 100% స్కేలింగ్‌లో (తెర మీది వాటిని ఎంత పెద్దగా చూపాలో చెప్పే విండోస్ సెట్టింగ్). ల్యాప్‌టాప్‌ రిజల్యూషన్ కూడా 1920×1080యే, కానీ స్కేలింగ్ 150%. ఫారమ్ లోడ్‌లో స్క్రీన్ వెడల్పును 1920తో భాగించి, ఆ నిష్పత్తితో ప్రతి కంట్రోల్ సైజునూ మారుస్తున్నాను. అయినా అక్షరాలు మసకగా ఉన్నాయి, బటన్ల మీద టెక్స్ట్ సగం తెగిపోతోంది. లెక్క ఎక్కడ తప్పుతోంది?

జవాబు 1:
మీ అప్లికేషన్ డీపీఐ (అంగుళానికి చుక్కలు, విండోస్ స్కేలింగ్‌ను లెక్కించే కొలత) గురించి విండోస్‌కి ఏమీ చెప్పడం లేదు. అందుకే 150% దగ్గర స్క్రీన్ 1280×720 అని మీకు చూపించి, మీరు గీసిన బొమ్మను ఒకటిన్నర రెట్లు సాగదీస్తోంది. మసక అందువల్లే. ఇక 1280ని 1920తో భాగిస్తే 0.67. అంటే 120 పిక్సెల్స్ బటన్ 80కి తగ్గింది, ఫాంట్ మాత్రం తగ్గలేదు. టెక్స్ట్ తెగక ఏం చేస్తుంది? ఆ లూప్ మొత్తం తీసేయండి.

మ్యానిఫెస్ట్‌లో (అప్లికేషన్ గురించి విండోస్‌కి చెప్పే ఫైల్) విండోస్ 10 సపోర్టెడ్ ఓఎస్ లైన్‌కి కామెంట్ తీయండి. తర్వాత యాప్ కాన్ఫిగ్‌లో (అప్లికేషన్ సెట్టింగ్స్ ఫైల్) డీపీఐ అవేర్‌నెస్ విలువ పర్‌మానిటర్‌వీ2 అని పెట్టండి. మ్యానిఫెస్ట్‌లో పాత డీపీఐ అవేర్ సెట్టింగ్ మిగిలి ఉంటే అదే చెల్లుతుంది, కాన్ఫిగ్‌ది చెల్లదు. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు.

జవాబు 2:
పైది చేశాక కూడా సైజు సమస్య తీరదండీ. 800 ఎత్తు 150% దగ్గర 1200 అవుతుంది, తెర ఎత్తేమో 1080. కింది బటన్లు కనపడవు. కాబట్టి లేఅవుట్ మార్చాల్సిందే. టేబుల్ లేఅవుట్ ప్యానెల్ (కంట్రోళ్లను వరుసలు, కాలమ్‌లలో అమర్చేది) పెట్టి, లేబుళ్ల కాలమ్‌కీ బటన్ల వరుసకీ ఆటోసైజ్ (లోపలిదానికి సరిపడా చోటు), టెక్స్ట్‌బాక్సుల కాలమ్‌కీ గ్రిడ్ ఉన్న వరుసకీ 100 పర్సెంట్ (మిగిలిన చోటంతా) ఇవ్వండి. గ్రిడ్‌కి డాక్ ఫిల్ (చోటంతా నిండేలా), టెక్స్ట్‌బాక్సులకి యాంకర్ లెఫ్ట్, రైట్ (రెండు పక్కలకీ అంటుకుని సాగేలా). చోటు తగ్గితే గ్రిడ్ కుదించుకుంటుంది, బటన్లు కదలవు.

ఆటోస్కేల్‌మోడ్ (ఫారమ్ దేన్ని బట్టి సైజు మారాలో చెప్పే సెట్టింగ్) అన్ని ఫారమ్‌లలో, యూజర్ కంట్రోళ్లలో ఒకటే ఉండాలి. ఒకచోట ఫాంట్, ఇంకోచోట డీపీఐ పెడితే లోపలి కంట్రోళ్లు తప్పు చోట కూర్చుంటాయి. టీమ్‌లో ఎవరైనా 125% తెర మీద డిజైనర్ తెరిచి సేవ్ చేస్తే డీపీఐ మోడ్‌లో ఆటోస్కేల్ డైమెన్షన్స్ (డిజైన్ చేసిన తెర డీపీఐ) 96, 96 నుంచి 120, 120కి మారిపోతాయి. కోడ్‌ను టీమ్ ఉమ్మడి కోడ్‌లో చేర్చే (చెక్-ఇన్) ముందు ఆ లైన్ చూడటం మంచిది.

ప్రశ్న వేసినవారు:
మసక పోయింది, బటన్లు కనిపిస్తున్నాయి, థ్యాంక్స్ అండీ. గ్రిడ్‌లో మాత్రం వరుసలు ఇరుగ్గా ఉన్నాయి, టూల్‌బార్ ఐకాన్లు చిన్నగానే ఉన్నాయి.

జవాబు 2:
ఆ రెండూ మీరే చూసుకోవాలి. రో టెంప్లేట్ (గ్రిడ్‌లో కొత్త వరుసలకు నమూనా) ఎత్తు 22 అని నేరుగా రాయకుండా లాజికల్‌టుడివైస్‌యూనిట్స్‌ (స్కేలింగ్‌కి తగ్గ పిక్సెల్స్ లెక్కించే ఫంక్షన్)కి 22 పంపండి, 150% దగ్గర 33 వస్తుంది. రన్‌టైమ్‌లో కోడ్‌తో చేర్చే కంట్రోళ్ల కొలతలకూ ఇదే పద్ధతి. ఐకాన్లకి 16, 24, 32 సైజులు వేరువేరుగా పెట్టుకుని డివైస్ డీపీఐని (కంట్రోల్ ఉన్న తెర డీపీఐ) బట్టి ఎంచుకోండి. 16ని సాగదీస్తే అంచులు చెడతాయి. ఫారమ్‌ను వేరే స్కేలింగ్ ఉన్న మానిటర్ మీదికి లాగినప్పుడు డీపీఐ‌చేంజ్డ్ ఈవెంట్ వస్తుంది, ఈ రెండు పనులూ అక్కడ మళ్లీ చేయాలి. అప్పటికే గ్రిడ్‌లో ఉన్న వరుసలకు టెంప్లేట్ మార్పు వర్తించదు, వాటి ఎత్తు విడిగా సెట్ చేయండి.