నడుస్తున్న క్యాంపెయిన్‌ను 2024 నియమాలకు మార్చాలా, పాతవాటితోనే ముగించాలా?

నల్లపాచిక

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (ఆటగాళ్ళు ఒక్కో పాత్రగా మారి పాచికలతో కథ నడిపే టేబుల్ ఆట; చాలా సెషన్లు సాగే కథే క్యాంపెయిన్, దాన్ని నడిపేవారు డంజియన్ మాస్టర్, పొట్టిగా డీఎం) అయిదో ఎడిషన్ 2014లో వచ్చింది. సవరించిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ 2024 సెప్టెంబరులో, డంజియన్ మాస్టర్స్ గైడ్ అదే ఏడాది నవంబరులో, మాన్‌స్టర్ మాన్యువల్ 2025 ఫిబ్రవరిలో వచ్చాయి. ప్రచురణకర్తలు దీన్ని కొత్త ఎడిషన్ అనరు, పాత పుస్తకాలతో కలిపి ఆడుకోవచ్చంటారు. అభిమానుల గొడవంతా ఈ మాట చుట్టూనే.

నా వాదన సూటిగా చెబుతాను. పాత కథలూ మ్యాపులూ కొత్త నియమాల్లో నడుస్తాయి. పాత క్యారెక్టర్ పక్కన కొత్త క్యారెక్టర్‌ను కూర్చోబెడితే మాత్రం టేబుల్ ఒరిగిపోతుంది. గ్రేట్ వెపన్ మాస్టర్ అనే ఫీట్‌నే (క్యారెక్టర్ ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) చూడండి. 2014లో గురికి (దాడి తగిలిందో లేదో తేల్చే పాచిక) అయిదు తగ్గించుకుంటే దెబ్బకు (తగిలితే జరిగే నష్టం) పది కలిసేది. ఆ తగ్గింపే దాని ధర. 2024లో ఆయుధాలకు మాస్టరీ అని, ఒక్కో ఆయుధానికి ఒక ప్రత్యేక ప్రభావం కొత్తగా వచ్చింది. మాల్ (పెద్ద సుత్తి) చేతిలో ఉంటే దానికి టాపుల్ ఉంటుంది: దెబ్బ తగిలిన శత్రువు కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ప్రభావాన్ని తట్టుకోవడానికి వేసే పాచిక) తప్పితే కిందపడతాడు. పడినవాడి మీద దగ్గరి దాడులన్నిటికీ అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం). ఆ తగ్గింపును అడ్వాంటేజ్ దాదాపు పూడుస్తుంది, అంటే పాత ఫీట్‌ను కొత్త మాస్టరీతో కలిపినవాడు దాదాపు ధర కట్టకుండానే పది పట్టుకుపోతాడు. కొత్త ఫీట్ తీసుకున్న పక్కవాడికి కలిసేది ప్రొఫిషియెన్సీ బోనస్ (లెవెల్‌తో పెరిగే అంకె) మాత్రమే, అయిదో లెవెల్‌లో మూడు. ఒకే పేరు, ఒకే లెవెల్, ఒకరికి పది, ఒకరికి మూడు.

అందుకే సగంలో ఉన్న క్యాంపెయిన్‌ను ముట్టుకోవద్దంటాను. అది ముగించి, తర్వాతిది కొత్తగా మొదలుపెట్టండి.

కత్తిడాలు

నల్లపాచిక గారూ, మీరు చూపింది సగం మార్చిన టేబుల్. మొత్తం మార్చిన టేబుల్‌లో ఈ తేడా రాదు. ఒక్క కట్టుబాటు చాలు: ఒకే పేరుతో రెండు పుస్తకాల్లోనూ ఉన్నది ఏదైనా సరే, ఫీట్ కానీ స్పెల్ (మంత్రం) కానీ క్లాస్ (ఫైటర్, పాలడిన్ లాంటి వృత్తి) కానీ, కొత్తదే చెల్లుతుంది. కొత్త పుస్తకంలో లేనిదే పాతదాంట్లోంచి తీసుకోవాలి.

మార్చడం కూడా ఒక సాయంత్రం పని. రెండు సెషన్ల మధ్య, పార్టీ (క్యారెక్టర్ల బృందం) లాంగ్ రెస్ట్ (సుదీర్ఘ విశ్రాంతి) తీసుకున్న చోట ఆపండి. ముందు క్లాస్ టేబుల్ కొత్తది తీసుకోండి. సబ్‌క్లాస్ (క్లాస్‌లోని శాఖ) అందరికీ మూడో లెవెల్‌లోనే వస్తుంది, కాబట్టి పాత సబ్‌క్లాస్ ఉంచుకునేవాళ్ళు ఒకటి, రెండు లెవెళ్ళలో వచ్చే శక్తులను మూడుకు జరపాలి. తప్పులు ఎక్కువగా జరిగేది బ్యాక్‌గ్రౌండ్ (క్యారెక్టర్ పూర్వజీవితం) దగ్గర. 2024లో ఎబిలిటీ స్కోర్ల (స్ట్రెంత్, కాన్‌స్టిట్యూషన్ లాంటి అంకెలు) పెంపు జాతి (ఎల్ఫ్, డ్వార్ఫ్ లాంటివి) నుంచి కాక బ్యాక్‌గ్రౌండ్ నుంచి వస్తుంది. పాత క్యారెక్టర్ జాతి వల్ల ఇప్పటికే పెంచుకుని ఉంటాడు, బ్యాక్‌గ్రౌండ్ చూసి మళ్ళీ కలిపేస్తే రెండుసార్లు లెక్కపడుతుంది. స్కోర్లు ఉన్నవి ఉన్నట్టే వదిలేసి, ఒక ఆరిజిన్ ఫీట్ (బ్యాక్‌గ్రౌండ్‌తో వచ్చే ఫీట్) మాత్రం ఇవ్వండి. గ్రేట్ వెపన్ మాస్టర్ లాంటి పాత ఫీట్‌ను కొత్తదానితో మార్చుకునేటప్పుడు స్ట్రెంత్‌కు ఒకటి కలపడం మరిచిపోవద్దు, కొత్త ఫీట్‌లో అది భాగం.

ఇక అసలు విషయం. 2014 ఫైటర్ తన వంతు వస్తే చేసేది కొట్టడం, మళ్ళీ కొట్టడం. ఇప్పుడు మొదటి లెవెల్‌లోనే మూడు ఆయుధాల మాస్టరీ వస్తుంది. వార్‌హామర్‌తో కొడితే సేవ్ లేకుండానే పది అడుగులు వెనక్కి తోయొచ్చు. డ్రూయిడ్ (ప్రకృతి మంత్రగాడు) పరిచిన స్పైక్ గ్రోత్ అనే ముళ్ళ నేల స్పెల్‌లోకి తోస్తే ప్రతి అయిదడుగులకూ 2డీ4 (నాలుగు ముఖాల పాచికలు రెండు), మొత్తం 4డీ4 అదనపు దెబ్బ. లాంగ్‌స్వోర్డ్‌కు శాప్ ఉంది, తగిలినవాడి తర్వాతి దాడికి డిసడ్వాంటేజ్ (రెండు పాచికల్లో చిన్నది). గ్రేట్‌స్వోర్డ్‌కు గ్రేజ్, గురి తప్పినా కొంత తగులుతుంది. స్పెల్స్ లేని క్లాసులకు పదేళ్ళుగా లేని ఎంపిక ఇది. క్యాంపెయిన్ ముగిసేదాకా ఆగమంటే ఆ ఆటగాళ్ళను ఇంకో ఏడాది కొట్టుడు పనికే పరిమితం చేసినట్టు.

గుహదీపం

మాస్టరీలు నాకూ ఇష్టమే. కానీ నడిపేవాళ్ళ వైపు నుంచి చూడండి. టాపుల్‌కు ప్రతి దెబ్బకూ సేవ్ వేయాలి. పదకొండో లెవెల్ ఫైటర్‌కు మూడు దాడులు, యాక్షన్ సర్జ్ (అదే వంతులో ఇంకో యాక్షన్) వాడితే ఆరు. శత్రువు నిలబడి ఉన్నంతసేపూ ఒక్కో దెబ్బకు డీఎం ఒక పాచిక వేస్తూ పోవాలి. వెక్స్ (మీ తర్వాతి దాడికి అడ్వాంటేజ్), శాప్, స్లో (శత్రువు వేగం తగ్గుతుంది) అన్నీ ఒకే సమయానికి ముగియవు: వెక్స్ మీ తర్వాతి వంతు చివరిదాకా, శాప్, స్లో మీ తర్వాతి వంతు మొదలయ్యేదాకా. ఎవరి మీద ఏది ఉందో రెండో రౌండ్‌కే (అందరి వంతులూ ఒకసారి అయితే ఒక రౌండ్) ఎవరికీ గుర్తుండదు.

దీన్ని దారిలో పెట్టొచ్చు, కానీ ముందే పెట్టాలి. సేవ్ డిసి (సేవ్ నెగ్గడానికి రావాల్సిన అంకె) అంటే 8, ప్రొఫిషియెన్సీ, ఆ దాడికి వాడిన ఎబిలిటీ మాడిఫయర్ కలిపిన మొత్తం. అయిదో లెవెల్‌లో స్ట్రెంత్ 18 (మాడిఫయర్ 4) ఉంటే 15. దాన్ని ఆటగాడు తన షీట్ (క్యారెక్టర్ వివరాల కాగితం) పైన పెద్దగా రాసుకోవాలి, ప్రతిసారీ లెక్కకట్టకూడదు. గురి పాచిక, దెబ్బ పాచిక కలిపి ఒకేసారి వేయాలి. డీఎం పోరాటానికి ముందే పది డీ20 (ఇరవై ముఖాల పాచిక) ఫలితాలు కాగితం మీద వరసగా రాసిపెట్టుకుని, సేవ్ వచ్చినప్పుడల్లా ఒక్కోటి కొట్టేసుకుంటూ పోవాలి. వెక్స్‌కు ఒక రంగు రింగు, శాప్‌కు ఇంకో రంగు. మినియేచర్ (క్యారెక్టర్ బొమ్మ) మెడలో వేసినవాడే తీసే బాధ్యత కూడా తీసుకోవాలి.

ఇంకొకటి. ఒక్కో దాడితోపాటు ఒక ఆయుధం తీయొచ్చు లేదా పెట్టొచ్చు అని నియమం ఉంది. దీన్ని పట్టుకుని మాల్‌తో పడగొట్టి, దాన్ని పెట్టి, గ్రేట్‌స్వోర్డ్ తీసి కొట్టడం కొందరు అలవాటు చేసుకున్నారు. నియమం ప్రకారం తప్పు కాదు. వంతుకు ఒక్క మార్పిడి అని టేబుల్ కట్టుబాటు పెట్టుకుంటే ఆట వేగం తిరిగి వస్తుంది.

మూడోమంత్రం

ఫైటర్ గురించే మాట్లాడుతున్నారు, పాలడిన్ (పవిత్ర యోధుడు) ఏమయ్యాడో కూడా చెప్పండి. 2014లో డివైన్ స్మైట్‌కు (దెబ్బకు దైవశక్తి కలపడం) యాక్షన్ అక్కర్లేదు, తగిలిన ప్రతి దెబ్బకూ వాడుకోవచ్చు. అయిదో లెవెల్ పాలడిన్ రెండు దెబ్బలూ తగిలితే రెండో లెవెల్ స్లాట్లు (స్పెల్స్‌కు ఉన్న కోటా) రెండూ పోసి ఒకే వంతులో 6డీ8 కలిపేవాడు. ఇప్పుడు అది స్పెల్. తగిలిన వెంటనే బోనస్ యాక్షన్‌తో (వంతుకు ఒక్కటే దొరికే అదనపు చర్య) వేయాలి, అంటే వంతుకు ఒక్కటే, 3డీ8. పైగా నోటితో పలకాల్సిన స్పెల్ కాబట్టి సైలెన్స్‌లో (శబ్దాన్ని ఆపే స్పెల్) పనిచేయదు, ఎదుటివాడు కౌంటర్‌స్పెల్ (స్పెల్‌ను అడ్డుకునే స్పెల్) వేయొచ్చు. బార్బేరియన్‌తో మల్టీక్లాస్ చేసుకున్నవాడు (రెండు క్లాసులు కలిపినవాడు) రేజ్‌లో (ఉగ్రావేశం) స్పెల్ వేయలేడు కాబట్టి అతని క్యారెక్టర్ నిర్మాణం మొత్తం కూలిపోతుంది. లే ఆన్ హ్యాండ్స్ (తాకి గాయాలు మాన్పడం) కూడా బోనస్ యాక్షన్ అయింది, మేలే. కానీ అదే వంతులో స్మైట్ వేయడం కుదరదు.

ఒక్క దెబ్బలో బాస్‌ను కూల్చే పద్ధతి తగ్గాలన్నదే ఉద్దేశమైతే అది నెరవేరింది, ఒప్పుకుంటాను. అయితే ఏడాదిగా ఆ పద్ధతి మీదే నిర్మించుకున్న ఆటగాడికి మధ్యలో మార్చి ఇవ్వడం న్యాయం కాదు. మార్చేటట్టయితే పాలడిన్‌కూ బార్బేరియన్‌తో కలిపినవాళ్ళకూ లెవెళ్ళు మళ్ళీ పేర్చుకునే అవకాశం ఇచ్చి తీరాలి.

కొత్తదాంట్లో అతి అయినవీ ఉన్నాయి. స్పిరిట్ గార్డియన్స్ (క్లెరిక్ అనే పూజారి చుట్టూ ఆత్మల వలయం వేసే స్పెల్) 2014లో శత్రువు ఆ వలయంలోకి వచ్చినప్పుడో, అక్కడ తన వంతు మొదలైనప్పుడో తగిలేది. ఇప్పుడు వలయమే శత్రువు మీదికి వెళ్ళినా తగులుతుంది. ఒక్కో శత్రువుకు తగిలే పరిమితి వంతుకు ఒకసారి, రౌండ్‌కు ఒకసారి కాదు. దాంతో క్లెరిక్ తన వంతులో పరుగెత్తి 3డీ8 వేస్తాడు, తర్వాత మిత్రుడు తన వంతులో క్లెరిక్‌ను పట్టుకుని అదే శత్రువు పక్కకు ఈడ్చుకెళ్తే ఇంకో 3డీ8. ముగ్గురు మిత్రులుంటే ఇలా ఇంకో మూడుసార్లు. ఒక్కో శత్రువుకు రౌండ్‌కు ఒక్కసారే అని రాసుకుంటే చాలు, స్పెల్ అప్పటికీ బలంగానే ఉంటుంది.

పటంగీసేవారు

ఆటగాళ్ళ షీట్లు సరిచేసుకోవడం ఒకెత్తు. క్యాంపెయిన్‌ను నిజంగా దెబ్బతీసేది పోరాటాల లెక్క. దీన్ని ఇప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు.

2014 గైడ్‌లో శత్రువుల సంఖ్య పెరిగేకొద్దీ ఎక్స్‌పీని (ఒక్కో శత్రువుకు ఉన్న అనుభవ పాయింట్లు) గుణించాలి: ఇద్దరుంటే ఒకటిన్నర, మూడు నుంచి ఆరైతే రెండు, పదకొండు నుంచి పద్నాలుగైతే మూడు. 2024 గైడ్ ఈ గుణకాన్ని తీసేసింది. మూడో లెవెల్ వాళ్ళు నలుగురు, ఎదురుగా పన్నెండు తోడేళ్ళు అనుకోండి. తోడేలుకు 50, మొత్తం 600. పాత లెక్కలో మూడుతో గుణిస్తే 1800, డెడ్లీ (ప్రాణాంతకం) గీత 1600 దాటింది. కొత్త లెక్కలో అదే 600 సరిగ్గా ‘లో’ బడ్జెట్, అంటే తేలికైన పోరాటం.

అక్కడితో అయిపోలేదు. పాత తోడేలు కరిస్తే డిసి 11 స్ట్రెంత్ సేవ్ ఉండేది. కొత్త తోడేలు కరిచిందంటే మధ్యస్థ పరిమాణం వరకూ ఎవరైనా పడిపోతారు, సేవ్ లేదు. ప్యాక్ ట్యాక్టిక్స్ (తోటిది శత్రువు పక్కనుంటే దాడికి అడ్వాంటేజ్) ఎలాగూ ఉంది. గుంపుగా ఉన్నవాటికి పాత గుణకం అడ్డుగోడగా ఉండేది. అది పోయిన చోటే రాక్షసుల శక్తి పెరిగింది. ఒక్కొక్కరికి ఇద్దరికి మించి శత్రువులుంటే త్వరగా చచ్చేవాటిని పెట్టమని కొత్త గైడ్ చెబుతుంది, కానీ తోడేలుకు 11 హిట్ పాయింట్లే (ప్రాణబలం) కాబట్టి ఆ సలహా ఈ పోరాటాన్ని ఆపదు.

కాబట్టి పాత కథ నడుపుతూ కొత్త మాన్‌స్టర్ మాన్యువల్ వాడేవాళ్ళు, సేవ్ లేకుండా పడగొట్టేవీ పట్టుకునేవీ ఉన్న పోరాటాల్లో సంఖ్యను మనిషికి రెండు దగ్గర ఆపండి. ఎక్కువ కావాలంటే రెండో రౌండ్‌లో రెండో గుంపుగా తీసుకురండి. ఒంటరి బాస్ విషయంలో కొత్త లెక్కే మెరుగు, అక్కడ మార్చుకోవడానికి వెనకాడక్కర్లేదు.

నల్లపాచిక

పటంగీసేవారి లెక్క నా వాదనకే బలం. షీట్లు ఒక సాయంత్రంలో మారతాయి, నిజమే. సిద్ధం చేసి పెట్టుకున్న పోరాటాలన్నీ తిరిగి తూకం వేయడం ఒక సాయంత్రం పని కాదు. 2024 ఆగస్టులో డీఅండ్‌డీ బియాండ్ (ఈ ఆట అధికారిక వెబ్‌సైట్) తన షీట్లలోని పాత స్పెల్స్, మ్యాజిక్ వస్తువుల స్థానంలో కొత్తవే పెడతామని ప్రకటించి, అభిమానులు ఎదురుతిరిగాక వెనక్కి తగ్గింది. పాతవాళ్ళ మొండితనమని దాన్ని చాలామంది కొట్టిపారేశారు. ఆడుతున్నవాళ్ళ చేతిలోని క్యారెక్టర్ వాళ్ళను అడక్కుండా మారకూడదన్నదే అక్కడి కోరిక, నేనూ దానికే కట్టుబడి ఉన్నాను.

కత్తిడాలు

అడక్కుండా మార్చమని నేనూ అనలేదండీ. అందరూ ఒప్పుకుంటేనే. ఒక్కరు వద్దన్నా ఆగాల్సిందే, ఎందుకంటే సగం మార్చిన టేబులే అన్నిటికన్నా చెడ్డది. ఆ విషయంలో మనిద్దరికీ తేడా లేదు.

గుహదీపం

ఒప్పుకుని మార్చేవాళ్ళకు ఇంకో మాట. పాత కథలో చలి, ఎడారి, నిద్రలేమి ఉంటే ఎగ్జాషన్ (మెట్టుమెట్టుగా పెరిగే అలసట) చూసుకోండి. 2014లో మొదటి మెట్టులో ఎబిలిటీ చెక్‌లకే డిసడ్వాంటేజ్, దాడులకూ సేవ్‌లకూ మూడో మెట్టుదాకా ఏమీ కాదు. 2024లో ఒక్కో మెట్టుకు అన్ని డీ20 పాచికల్లోనూ రెండు తగ్గుతుంది, వేగం అయిదడుగులు తగ్గుతుంది. రెండు మెట్లు ఎక్కించి గుహలోకి పంపే పాత కథ, కొత్త నియమాల్లో పార్టీని గురిలోనూ సేవ్‌లలోనూ మైనస్ నాలుగుతో పంపుతుంది. అలాంటి చోట ఒక మెట్టు తగ్గించి, గుహ ముందే లాంగ్ రెస్ట్‌కు చోటు చూపించండి.