స్పై వర్సెస్ స్పై: అంతా కనిపిస్తుంటే ట్రాప్ పెట్టేదెలా?

ప్రశ్న:
నేనూ మా తమ్ముడూ ఈమధ్యే స్పై వర్సెస్ స్పై అనే ఇద్దరాడే వీడియో గేమ్ మొదలుపెట్టాం, 1984 నాటి కమడోర్ 64 (అప్పటి హోమ్ కంప్యూటర్) వెర్షన్. స్క్రీన్ పై సగంలో తెల్ల స్పై, కింద సగంలో నల్ల స్పై. నేను సొరుగులో బాంబు పెడుతుంటే పక్కనే కూర్చున్న వాడికి మొత్తం కనిపిస్తోంది. ఇక ట్రాప్ పెట్టి ఏం లాభం?

జవాబు 1:
వాడు తన గదిలో వెతుకులాటలో మునిగి ఉన్నప్పుడు పెట్టండి. రెండు సగాల మీదా ఒకేసారి కన్నేసి ఉంచడం చాలా కష్టం.

జవాబు 2:
కనిపించడమే ఈ ఆటకు ప్రాణమండీ. చూసింది ఎంతసేపు గుర్తుంటుందన్నదే అసలు పోటీ. ఆట జరిగే ఎంబసీలో గదులన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. పాస్‌పోర్టు, డబ్బు, తాళంచెవి, రహస్య పత్రాల కోసం నాలుగు తలుపులు దాటేసరికి మీరు బాంబు పెట్టింది ఏ గదిలోనో మీ తమ్ముడికి గుర్తుండదు. మీరు మాత్రం గుర్తుపెట్టుకోండి, మీరు పెట్టిన ట్రాప్‌కి మీరూ బలవుతారు.

ఈ మజా ఇదే పేరుతో ఉన్న ఆంటోనియో ప్రోహియాస్ కామిక్ స్ట్రిప్ నుంచే వచ్చింది. ఆయన 1960లో క్యూబా వదిలి న్యూయార్క్ చేరి, 1961 నుంచి మ్యాడ్ అనే అమెరికన్ హాస్య పత్రికలో దీన్ని గీశారు. ఇద్దరి ఎత్తులూ మాటల్లేకుండా బొమ్మల్లోనే నడుస్తాయి. స్ట్రిప్ చదివేవాడికి ఎలా ఇద్దరూ కనిపిస్తారో, ఆడేవాడికీ అలాగే కనిపించేలా స్క్రీన్‌ని రెండుగా చీల్చడం నాకు చాలా గొప్ప ఆలోచన అనిపిస్తుంది. చదివేటప్పుడు నవ్వుకునేది, ఇక్కడ టెన్షన్‌తో చూస్తాం!

ఇక చిట్కా. బీరువాల కంటే తలుపులను నమ్ముకోండి. బ్రీఫ్‌కేస్ లేనివాడు ఒక్క వస్తువే మోయగలడు, బ్రీఫ్‌కేసులో ఆ నాలుగూ సర్దుకున్నవాడు తప్పించుకోవడానికి విమానాశ్రయం తలుపు వైపే పరిగెడతాడు. ఆ దారిలో తలుపు మీద నీళ్ల బకెట్ పెట్టండి. చేతిలో గొడుగు లేకపోతే వాడి పని అయిపోయినట్టే. పైగా చచ్చిన ప్రతిసారీ వాడి టైమ్ తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు:
తలుపుల సంగతి తట్టనే లేదు, థాంక్సండీ. బకెట్‌కి గొడుగు, తలుపుకి దారంతో కట్టే తుపాకీ ట్రాప్‌కి కత్తెర విరుగుడు, సరే. టైమ్ బాంబుకి విరుగుడేంటి?

జవాబు 2:
ఏమీ లేదు. పేలేలోపు ఆ గదిలోంచి బయటపడాల్సిందే. తమ్ముడు మీ వెంటపడి వస్తుంటే అది పెట్టేసి పక్క గదిలోకి వెళ్లిపోండి.